కనిపించలేదంటే లేదని కాదు



మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాడిని నేనే. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నానంటే "ఏం కనిపెడతావురా?" అని ఊళ్లో అడుగుతుంటారు. పరిశోధనలో ఏదీ దొరక్కపోతే ఆ ఏళ్లన్నీ దండగేనని మనలో చాలామంది అనుకుంటారు. అది సరికాదని నా అభిప్రాయం. ఒక ఉదాహరణ చెబుతాను.

కృష్ణబిలాలు గానీ న్యూట్రాన్ నక్షత్రాలు గానీ ఢీకొంటే గురుత్వ తరంగాలు పుడతాయి. అమెరికాలోని లైగో పరికరాలు వీటిని 2015 సెప్టెంబరు 14న మొదటిసారి పట్టుకున్నాయి. తరంగం ఆకాశంలో ఏ మూల నుంచి వచ్చిందో వాటితో కచ్చితంగా తెలియదు. అందుకే అదే సమయంలో గామా కిరణాల మెరుపు వచ్చిందా అని ఉపగ్రహాలతో వెతుకుతారు. ఉరుము విని మెరుపు కోసం చూసినట్టన్నమాట.

2017 ఆగస్టు 17న ఆ జత దొరికింది. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న తరంగం అందిన 1.7 సెకన్లకు ఫెర్మి ఉపగ్రహం గామా మెరుపును చూసింది. రెండూ దాదాపు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చాయి. గురుత్వ తరంగాలు కాంతి వేగంతోనే పోతాయనడానికి ఇంతకంటే గట్టి రుజువేం కావాలి? ఇప్పటికి రెండు వందలకు పైగా తరంగాలు నమోదైనా, నిస్సందేహంగా దొరికిన జత అదొక్కటే. మిగతావాటిలో అత్యధికం కృష్ణబిలాలవి, వాటి నుంచి వెలుగును పెద్దగా ఆశించలేం.

మరి మిగతా వెతుకులాటంతా వృథాయేనా? కాదు. 2017 జనవరి 4న ఒక తరంగం వచ్చింది. అదే దిశలో హవాయిలోని అట్లాస్ దూరదర్శినికి ఒక కొత్త వెలుగు కనిపించింది. రెండూ ఒకటేనా అన్న ప్రశ్న పుట్టింది. మన శ్రీహరికోట నుంచి 2015లో వెళ్లిన ఆస్ట్రోశాట్ మరునాడు వచ్చిన ఒక గామా మెరుపును నమోదు చేసింది. ఆ వెలుగు దానిదేనని, తరంగానికి సంబంధం లేదని మన శాస్త్రవేత్తలు తేల్చారు. "ఇది కాదు" అని చెప్పడమే అక్కడ ఫలితం!

అదే ఆస్ట్రోశాట్‌కు ఆగస్టు 17 నాటి మెరుపు కనిపించలేదు. పరికరంలో లోపమేమీ లేదు. ఆ సమయానికి భూమి అడ్డుగా ఉంది.

మిత్రులారా, ఈ మాట మనకూ వర్తిస్తుంది. పెద్ద పరిశోధనాలయాల్లో మన హాస్టల్ పిల్లలు అరుదుగా కనిపిస్తున్నారంటే ప్రతిభ లేక కాదు. అడ్డుగా ఏముందో చూడాలి. ఇంటి అవసరాలు, త్వరగా ఉద్యోగం రావాలన్న ఒత్తిడి, జామ్, నెట్ వంటి పరీక్షల గురించి చెప్పేవారు లేకపోవడం: ఇవీ ఆ అడ్డంకులు.

పూర్వ విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. హాస్టల్‌కు ఇంటర్నెట్ ఉన్న ఒక కంప్యూటర్ ఇవ్వండి, ఏడాదికి ఒక్కరోజు వచ్చి దారి చెప్పండి. లైగో, ఫెర్మి సమాచారం ఎవరైనా ఉచితంగా తీసుకుని పరిశీలించవచ్చు. అందుకు కులం, ఊరు అడగరు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సైన్సు మనది కాదని ఎవరన్నా నమ్మకండి.

– ఒక పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ ఫిజిక్స్