నురగ మీద రైలు నడవదా?

మోడల్ రైల్వే కట్టుకునేవాళ్లలో బాగా పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది: పట్టాల కింద కొయ్యే ఉండాలి. కొండలకూ గుట్టలకూ ఫోమ్ వాడుకోవచ్చు, బరువు మోసే పని మాత్రం ప్లైవుడ్‌కే అప్పగించాలి. ఇళ్ల గోడలకు చలి తగలకుండా అతికించే గులాబీ, నీలి రంగు ఇన్సులేషన్ బోర్డును నేరుగా పట్టాల కింద పరిచేవాడు రంపం పట్టడం చేతకాని బద్ధకస్తుడు. ఈ అభిరుచికి పెద్ద నెలవులైన అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ చెయ్యి తిరిగిన పెద్దలు కొత్తవాళ్లకు ఇదే నూరిపోస్తుంటారు. ఈ అభిప్రాయం మొదటికే తప్పు. లేఅవుట్ (పట్టాలు, కొండలతో కట్టిన మొత్తం నమూనా) అడుగుభాగం ఏ పని చెయ్యాలన్న ప్రశ్నను వాళ్లు సరిగా వేసుకోలేదు.

ముందు వస్తువు సంగతి తేల్చుకుందాం. ఫోమ్ అనగానే మనకు థర్మోకోల్ గుర్తొస్తుంది: వినాయక మండపాల అలంకరణ, స్కూలు ప్రాజెక్టులు, విరిస్తే ఇల్లంతా చెదిరే తెల్లపూసలు. అదీ పాలిస్టైరీనే, కానీ పూసలను ఆవిరితో ఉబ్బించి అచ్చులో ఒత్తిన సరుకు. ఇన్సులేషన్ బోర్డు తయారీ వేరు. కరిగిన పాలిస్టైరీన్‌లో వాయువు కలిపి, సన్నని మూతిలోంచి పలకగా బయటికి నెడతారు. లోపల అంతా మూసుకున్న చిన్నచిన్న గదులే, పూసల మధ్య సందులుండవు. అందుకే నీటిని దాదాపు పీల్చదు, పదునైన కత్తికి నున్నగా తెగుతుంది. ఒకప్పుడు డౌ వారు అమ్మిన నీలి పలకా, ఓవెన్స్ కార్నింగ్ వారి గులాబీ పలకా ఈ జాతివే. ఫోమ్‌ను తిట్టేవాళ్లలో చాలామంది మనసులో పెట్టుకున్నది తెల్లపూసల సరుకు.

ఇక బలం. మామూలుగా దొరికే గులాబీ పలక చదరపు అంగుళానికి 25 పౌన్ల ఒత్తిడిని తట్టుకుంటుందని లెక్క కట్టి అమ్ముతారు. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 1.75 కిలోలు. ఎప్పటికీ దిగకుండా ఉండే బరువుకు ఇందులో ఐదో వంతే నమ్ముకోవాలనుకుందాం, 350 గ్రాములు. ఇప్పుడు రైలు వైపు చూడండి. హెచ్‌ఓ స్కేలు, అంటే అసలులో 87వ వంతు. ఆ కొలతలో ఇంజను బరువు అర కిలో అటూఇటూ. దాని కింద 20 సెంటీమీటర్ల పొడవున, 3 సెంటీమీటర్ల వెడల్పున స్లీపర్లుంటాయి. వాటి మధ్య ఖాళీలు తీసేసినా 30 చదరపు సెంటీమీటర్ల మీద ఆ బరువు పరుచుకుంటుంది. చదరపు సెంటీమీటరుకు 17 గ్రాములు! ఎంత పిసినారిగా లెక్కేసినా పలక మోయగలిగినదానిలో ఇది ఇరవయ్యో వంతు. అసలు రోడ్లనే నురగ మీద వేసిన ఇంజనీర్లున్నారు. నార్వేలో ఓస్లో దగ్గర ఫ్లోమ్ వంతెనను చేరే రోడ్డు కుంగిపోతుంటే 1972లో మట్టి తీసేసి పాలిస్టైరీన్ దిమ్మెలు పేర్చారు. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ దగ్గర ఐ-15 రహదారిని 1990ల చివర తిరిగి కట్టినప్పుడు సుమారు లక్ష ఘనపు మీటర్లు వాడారు. ఆ రెండు చోట్లా వాడింది మనం చిన్నచూపు చూసే పూసల జాతే. లారీలను మోసిన వస్తువు బొమ్మ ఇంజనుకు చాలదనడానికి ఆధారం ఏది?

పలక మీద మోచెయ్యి ఆనిస్తే సొట్ట పడుతుందని ఫోమ్ వద్దనేవాళ్లు చూపిస్తారు. నిజమే, పడుతుంది. మనిషి పైబరువంతా మోచేతి మొనమీద నిలిస్తే పై లెక్క దాటిపోతుంది. అయితే మోచెయ్యి ఆనించే చోటు లేఅవుట్ అంచు. అక్కడ సన్నని చెక్కపట్టీ బిగిస్తే సరిపోయేదానికి గది మొత్తం ప్లైవుడ్ పరచమనడం దేనికి? రెండంగుళాల పలక వంగకుండా ఉండాలంటే రెండడుగుల లోపు దూరంలో ఆధారాలుండాలి కాబట్టి కింద తేలికపాటి కొయ్య చట్రం ఎలాగూ కావాలి. కొయ్యను ఇంట్లోంచి వెళ్లగొట్టమని ఎవరూ అనడం లేదు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, రెండంగుళాల మందం ఉన్న ఫోమ్ పలక నాలుగు కిలోలు తూగుతుంది. అదే వైశాల్యంలో 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ దాదాపు 30 కిలోలు. న్యూజెర్సీలో రెండో అంతస్తు అద్దె ఇంట్లో ఉంటూ ఏడాదికోసారి ఇల్లు మారే తెలుగు కుర్రాడికి ఈ తేడా ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

బలం కంటే ముఖ్యమైనది ఆకారం నిలవడం. కొయ్య తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది; ముఖ్యంగా నారకు అడ్డంగా. వేసవిలో చెమ్మగిల్లి, శీతాకాలంలో హీటరుకు ఎండిపోయే అమెరికా బేస్‌మెంట్లలో పట్టాలు మెలికపడితే ఇనుము వేడికి సాగిందంటారు. అసలు ఆ పట్టాలు ఇనుమూ కాదు, నికెల్ సిల్వర్. పది డిగ్రీల తేడాకు 2.4 మీటర్ల పట్టా సాగేది 0.4 మిల్లీమీటర్లే. చాలాసార్లు కదిలేది కిందనున్న కొయ్య. ఫోమ్‌కు తేమతో పేచీ లేదు. వేడితో ఉంది: అదే పది డిగ్రీలకు అదే పొడవు ఫోమ్ ఒకటిన్నర మిల్లీమీటర్లు సాగుతుంది, కొయ్యకంటే చాలా ఎక్కువ. కనుక వేడి కుదురుగా ఉండి తేమ మారే బేస్‌మెంటులో ఫోమ్ గెలుస్తుంది. పగలు కాలి రాత్రి చల్లబడే అటకమీదో రేకుల షెడ్డులోనో ప్లైవుడ్డే మేలు. ఈ తేడా చూపకుండా రెండింటిలో ఒకదాన్ని అన్ని చోట్లకూ శాసించడమే పెద్దల పొరపాటు.

అన్నిటికంటే పెద్ద కారణం నేల. బల్లలాంటి ప్లైవుడ్ మీద పట్టా వేస్తే లోకమంతా పట్టాకు పైనే ఉంటుంది. నిజమైన రైలుమార్గం పక్కన నిలబడి చూస్తే పట్టా కింద కట్ట, కట్ట కింద తూము, దాని పక్కన వాగు కనిపిస్తాయి. కాలిఫోర్నియాలో 1876లో పూర్తయిన టెహాచపి లూప్‌ను ఎందరో నమూనాగా కడుతుంటారు. అక్కడ మార్గం గుండ్రంగా తిరిగి సుమారు 23.5 మీటర్లు పైకెక్కి తన మీదుగా తానే దాటుతుంది. హెచ్‌ఓ స్కేలులో అది 27 సెంటీమీటర్ల ఎత్తు. ఈ దృశ్యమంతా పట్టా పక్కన పడిపోయే నేలలోనే ఉంది. మన కొత్తవలస-కిరండూల్ మార్గంలో అరకు ఘాట్ కట్టాలనుకున్నా అంతే. కిటికీలోంచి కిందికి కనిపించే లోయ లేకపోతే అది అరకు కాదు. రెండు మూడు పలకలు దొంతిగా అతికించి, కత్తితో పైనుంచి కిందికి చెక్కుకుంటూ పోతే వాగు దానంతట అది దిగుతుంది.

ఇక్కడ కొయ్య పక్షంవాళ్లు లిన్ వెస్ట్‌కాట్ పేరు అడ్డం వేస్తారు. 1960లలో ‘మోడల్ రైల్‌రోడర్’ పత్రికకు సంపాదకుడైన ఆయన ఎల్ ఆకారపు దూలాల పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. చదునైన బల్లకు బదులు దూలాలు, అడ్డవాసాలు, వాటిమీద నిట్టాళ్లు, స్క్రూలన్నీ కిందినుంచే. మార్గం మార్చాలనుకుంటే పైన ఏదీ చెడగొట్టకుండా నిట్టాడిని జరుపుకోవచ్చు. గొప్ప ఆలోచన, సందేహం లేదు. కానీ ఆయన పోరాడింది చదునైన బల్లకు వ్యతిరేకంగా. పట్టాకింద నేల దిగడానికి చోటు కావాలని, కట్టినదాన్ని మార్చుకునే వీలుండాలని ఆయన పట్టుబట్టారు. ఆ రెండూ ఫోమ్‌తో ఇంకా సుళువు. దాన్ని ఎల్ దూలాల మీదే పరచవచ్చు కూడా. ఆయన పేరు చెప్పి ప్లైవుడ్ పలకను సమర్థించడం విచిత్రం.

చప్పుడు గురించిన ఫిర్యాదులో పస ఉంది. ఆధారాల మధ్య ఖాళీగా వదిలేసిన ఫోమ్ డప్పులా మోగుతుంది. కంకరను తెల్ల జిగురుతో గట్టిపరిస్తే పట్టా కంపనమంతా పలకలోకి దిగుతుంది. గట్టిపడే జిగురుకు బదులు సందులు పూడ్చే లేటెక్స్ సీలెంట్‌తో పట్టా అతికిస్తే అది రబ్బరులా మెత్తగా ఉండిపోయి చాలావరకు అణుస్తుంది. తర్వాత పట్టా తీయాలన్నా పలుచని గరిటె దూర్చితే ఊడి వస్తుంది. రైలును ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించే పాయింట్లను తిప్పే మోటార్ల గొడవ ఇంతకంటే చిన్నది: రెండంగుళాల మందం దాటడానికి ఇంకాస్త లావు తీగ, మోటారు బిగించడానికి కింద అరచేతిమేర ప్లైవుడ్ ముక్క. రబ్బరు సొల్యూషన్‌లాంటివి పాలిస్టైరీన్‌ను కరిగిస్తాయి కాబట్టి జిగురు చూసి కొనుక్కోవాలి. టెక్సస్‌లాంటి వేడి రాష్ట్రాలలో మందపాటి పలక దుకాణాలలో సులువుగా దొరకదు. అది పలక తప్పు కాదు.

ఇరుపక్షాలనూ తృప్తిపరచాలని కొందరు అరంగుళం ప్లైవుడ్ మొత్తం పరిచి దానిమీద ఫోమ్ అతికిస్తారు. ఇది రాజీ పేరుతో జరిగే నష్టం. బరువు తిరిగొచ్చింది, తేమకు కదిలే గుణమూ తిరిగొచ్చింది, వాగు లోతు ప్లైవుడ్ దగ్గర ఆగిపోయింది, తీగ దింపాలంటే రెండు పొరలకూ బెజ్జం పెట్టాలి. వచ్చిన లాభం ధైర్యం ఒక్కటే, అదీ పై లెక్క చూస్తే అక్కర్లేనిది.

ఆశ్చర్యమేమిటంటే, ఫోమ్‌కు వ్యతిరేకంగా చెప్పదగ్గ అసలైన మాట కొయ్య పక్షంవాళ్ల నోట అరుదుగా వస్తుంది. పాలిస్టైరీన్ కాలుతుంది, నల్లటి దట్టమైన పొగతో. మనుషులు మసలే గదుల్లో ఫోమ్‌ను బయటికి కనిపించనివ్వకుండా అరంగుళం జిప్సం బోర్డులాంటిదానితో కప్పాలని అమెరికా భవన నిబంధనలు చెబుతాయి. లేఅవుట్ పైభాగాన్ని ప్లాస్టర్ కొంత కప్పుతుంది, అడుగుభాగం మాత్రం బోడిగానే ఉంటుంది. సుమారు 74 డిగ్రీలు దాటితే పలక వాడకానికి పనికిరాదు. సోల్డరింగ్ ఐరన్ మొన అంతకు నాలుగైదు రెట్లు వేడి. కనుక తీగలను పట్టాకు ముందే విడిగా సోల్డర్ చేసి, ఆ తర్వాతే పట్టాను పలకమీద పరచాలి. లేఅవుట్ మీది బొమ్మ ఇళ్లలో దీపాలకు పాత ఫిలమెంట్ బల్బులు మాని ఎల్‌ఈడీలు పెట్టాలి. కరెంటు సరఫరా పెట్టెలను ఫోమ్‌కు ఆనించకుండా చట్రం కొయ్యకు బిగించాలి.