మంచుమీది మమకారము

మార్గశిరము ప్రవేశించి, సీతాఫల్‌మండి బజారులో ఆ పేటకు పేరిచ్చిన పండు గంపలనుండి తప్పుకొని, దాని స్థానమున జామపండ్లును రేగుపండ్లును వచ్చి కూర్చుండు వేళకు, తెల్లవారుజామున వారాసిగూడ, నామాలగుండు, తార్నాక దిక్కులనుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు వాహ్యాళికై వచ్చు పెద్దలు, మంకీ టోపీలలో ముఖములు దాచుకొని, మెడకు మఫ్లరులు చుట్టుకొని, ఒకరినొకరు నడకతీరునుబట్టియే ఆనవాలు పట్టి, "ఈయేడు చలి మరీ ఎక్కువగా ఉందండీ" అని పలుకరించుకొనుట ఇచ్చటి ఏటేటి ఆచారము. ఉష్ణోగ్రత 14 డిగ్రీలకు దిగిన దినము మనకు మహాశీత దినము. ఆర్ట్సు కళాశాల ముంగిట, అదే త్రోవలో, అదే గాలిలో, పొట్టిచేతుల చొక్కాతో పరుగెత్తుచు పోవు ఆఫ్ఘను విద్యార్థియో, మధ్యాసియానుండి ఆంగ్లము నేర్వవచ్చిన యువకుడో ఎదురైనపుడు, మన పెద్దలు ఒక క్షణమాగి చూచి, "వాళ్ళ నెత్తురే వేరు లెండి" అని తీర్మానించి ముందుకు సాగుదురు.

ఈ తీర్మానముతో నాకు పేచీ కలదు. చలిని సహించుట, మంచును ప్రేమించుట అనునవి కొన్ని జాతులకు జన్మతః సంక్రమించిన గుణములనియు, మనవంటి ఉష్ణదేశీయులకు అవి పొసగనివనియు మనము చిరకాలముగా నమ్ముచున్నాము. ఆ నమ్మికచేతనే మంచుదేశములను గూర్చి ఒకమారు అసూయపడుదుము, ఒకమారు జాలిపడుదుము, ఎన్నడును వారి యనుభవమును అర్థము చేసికొన ప్రయత్నింపము. నేను విన్నంతలో, చదివినంతలో, మంచుపై మనుష్యునకు గల మమకారము నెత్తురునుబట్టి గాక, నీటినిబట్టియు ఇంటినిబట్టియు ఏర్పడుచున్నది.

కాబూలు బంగారము లేకున్నను ఉండగలదు గాని మంచు లేక ఉండజాలదను అర్థము గల సామెత ఆ నగరమున అందరి నోటను వినబడును. హిందూకుష్ పర్వతములపై చలికాలమున పేరుకొన్న హిమరాశియే వసంతమున కరగి, వాగులై, కాలువలై, బావులలో ఊటయై వారి గోధుమచేలకును ద్రాక్షతోటలకును ప్రాణాధారమగును. మంచు తక్కువైన యేడు వేసవిలో నీటికి కటకట తప్పదు. అందుచేత అచ్చట తొలిమంచు ఒక పండుగ. ఆ దినమున ఒక మిత్రుడు మరియొకనికి బర్ఫీ యను పేర చీటి పంపును. ఆ చీటిని ఏమరుపాటున అందుకొన్నవాడు పంపినవానికి విందు చేయవలెను. చీటి తెచ్చినవానిని ముందే పసిగట్టి పట్టుకొన్నచో విందు భారము పంపినవానిపైననే పడును. ఇంతటి పరిహాసము ఆకాశమునుండి రాలు ఒక పదార్థము చుట్టును అల్లుకొన్నదనిన, ఆ పదార్థము వారికి ఎంత కావలసినదై యుండవలెను! మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి చినుకు నేలను తాకినపుడు పాలమూరు రైతు మనసున కదలు భావమేదో, కాబూలువాని మనసున తొలిమంచు వేళ కదలునదియు అదియే. ఆ వాననే బొంబాయిలో మోకాలిలోతు నీటిలో కచేరికి పోవు గుమాస్తా శపించును. వాన ఒక్కటియే, పొలము గలవాడు వేరు, గొడుగు గలవాడు వేరు.

కాశ్మీరములో ఈ సంగతి మరింత స్పష్టము. డిసెంబరు 21 మొదలు 40 దినములు సాగు చిల్లై కలాన్ అను ఘోరశీతకాలమున ఆ లోయ ప్రజలు పొడవైన ఫెరను అంగీ లోపల నిప్పుల కాంగ్రీ కుంపటిని పొత్తికడుపునకు చేర్చుకొని, కొళాయిలలో నీరు గడ్డకట్టుటను, త్రోవలు మూతపడుటను, కరెంటు పోవుటను సహించుచు గడుపుదురు. వారు దానిని నిందింపకపోరు. కాని 2024 జనవరిలో గుల్‌మార్గు వాలులు చాలకాలము మంచు లేక బోసిగా నిలిచినపుడు ఆ లోయ అంతయు కలవరపడినది. స్కీయింగునకు వచ్చువారు రాకపోవుట అందులో ఒక భాగము మాత్రమే. ఊటలు, సెలయేళ్ళు, ఆపిలు తోటలు ఏమగునని ప్రజలు వాపోయి మంచుకొరకు ప్రార్థనలు చేసిరి. ఆ లోయవారే శాలువల మూటలతో ప్రతి శీతకాలమును మన వీథులకు వత్తురు. టిబెటు శరణార్థులు స్వెటర్ల దుకాణములు తెరతురు. 14 డిగ్రీలకు వణకు మన సుకుమారత్వమే వారి జీవనోపాధి గనుక, హైదరాబాదులో చలి బాగుగా పడవలెనని మనఃపూర్వకముగా కోరువారు ఎవరైన నున్నచో, వారు మంచుదేశముల వారే యని నాకొక అనుమానము.

ఒక్క దేశములోనే ఈ భేదము ఎట్లుండునో జపానులో చూడవచ్చును. ఏటా దాదాపు అయిదు మీటర్ల మంచు కురియు సప్పోరో నగరమున 1950లో పాఠశాల విద్యార్థులు ఒక ఉద్యానవనములో ఆరు మంచుబొమ్మలు నిలిపిరి. ఆ పిల్లలాటయే నేడు లోకప్రసిద్ధమైన హిమోత్సవమైనది. త్రోవలనుండి మంచు తొలగించు యంత్రములును, వానిని నడపు మనుష్యులును, అందులకు ధనము వెచ్చించు నగరపాలకసంఘమును గల ఊరు గనుక అది ఉత్సవము చేసికొనగలిగినది. అదే దేశమున, నిగాటా ప్రాంతపు పల్లెలలో, కరగిన మంచునీటితో పండు బియ్యమునకు గొప్ప పేరున్నను, యువకులు పట్టణములకు వలసపోగా మిగిలిన వృద్ధులు ఇంటికప్పుమీది మంచును తామే పారలతో దించుకొనుచు, జారిపడి ప్రాణములు కోల్పోవుట ప్రతి శీతకాలమును వినబడు వార్త. నీరిచ్చు మంచు వారికిని ఇష్టమే. దానిని దించు చేతులు కరవైనవి.

ఇక మన తెలుగువారి సంగతి. మన సాహిత్యమున మంచును చూడబోయినవారిలో మిక్కిలి ప్రసిద్ధుడు మనుచరిత్ర కథానాయకుడైన ప్రవరుడు. సిద్ధుడిచ్చిన పాదలేపము పూసికొని క్షణములో హిమాలయమునకు చేరి, కన్నులపండువుగా కొండలను చూచి, ఇంటికి మరలబోవునప్పటికి ఆ లేపము మంచునీట కరగిపోయి చిక్కువడినాడు. ఈ కథను వరూధినికై చదువువారే మెండుగాని, నన్ను ఆకర్షించు సంగతి వేరొకటి గలదు: అతడు చలికి బాధపడినట్లు కనబడడు, అతని దిగులంతయు మధ్యాహ్నమునకు ఇల్లు చేరి అగ్నికార్యము నెరవేర్చుటను గూర్చియే. చూచుటకు పోయినవాడు, తిరిగి వచ్చు సాధనము చేతనున్నంతవరకు, దేనినైనను ప్రేమింపగలడు. దాదాపు అయిదు వందల యేండ్లనాటి ఆ పాత్రను నేటి తార్నాకలో ఏ ఇంటనైనను చూడవచ్చును. అమెరికాలోని బిడ్డలవద్దకు పోవు తలిదండ్రులు ఏప్రిలులోనో మేలోనో బయలుదేరి, అక్టోబరు ముగియకముందే తిరిగివచ్చునట్లు టిక్కెట్లు తీయుదురు. తీరా వచ్చిన పిమ్మట, పిల్లలు పంపిన స్నో ఫొటోలను ఇరుగుపొరుగునకు చూపి మురియుదురు.

ఆ ఫొటో తీసిన బిడ్డ సంగతి ఏమి? తొలి శీతకాలమున తెల్లని ముంగిలిలో నిలిచి చిత్రము తీసికొని పంపినవాడు, రెండవ శీతకాలమున ఉదయము అయిదింటికే లేచి, కారు కప్పియున్న మంచును గీకి, డ్రైవ్‌వే షవలింగు చేసి, బ్లాక్ ఐసుపై కారు జారునేమోయను భయముతో ఆఫీసునకు పోవును. మంచు వేరు, త్రోవమీద కంటికి కనబడని పలుచని గడ్డ వేరు. ఈ రెంటికి గల భేదమును ఇచ్చట ఎవరును అతనికి చెప్పి పంపలేదు. 2022 డిసెంబరు 26న, అరిజోనా రాష్ట్రపు ఎడారి పట్టణములనుండి మంచు చూడవలెనను వేడుకతో కొండలపైకి పోయిన తెలుగు కుటుంబములలోని ముగ్గురు, వుడ్స్ కాన్యన్ సరస్సుపై గడ్డకట్టిన నీటిమీద నడచుచుండగా అది విరిగి, మునిగి మరణించిరి. ఆ వార్త చదివిన దినమున మనలో అనేకులు విధి యనుకొంటిమి. గడ్డకట్టిన సరస్సులు గల ఊళ్ళలో ఆ గడ్డ మందము ఎంత, దానిపై ఎప్పుడు నడువవచ్చును, ఎప్పుడు నడువరాదు అను సంగతి పిల్లలకు చిన్ననాడే నేర్పుదురు. గోదావరి యొడ్డున పుట్టినవానికి సుడిగుండమెచ్చట నున్నదో ఎవరు నేర్పెదరు? అదియు అట్టిదే.

నెత్తురు సిద్ధాంతమును నమ్మువారికి 2021 ఫిబ్రవరి నాటి టెక్సాసు వృత్తాంతమును జ్ఞాపకము చేయదలచితిని. డాలసు, ఇర్వింగు, ఫ్రిస్కో పరిసరములలో వేలకొలది తెలుగు కుటుంబములు నివసించుచున్నవి. ఆ మాసము 16వ తేదీన డాలసు విమానాశ్రయమున ఉష్ణోగ్రత సున్నకు దిగువ 19 డిగ్రీలకు జారినది. మినియాపొలిసులో అంతటి చలి పడిన దినమున పిల్లలు బడికి పోవుదురు, ఉద్యోగులు మేడనుండి మేడకు వేసిన కప్పుగల వంతెనల మీదుగా కోటైనను తొడుగక భోజనమునకు పోవుదురు. టెక్సాసులోనో, 45 లక్షలకు పైగా ఇండ్లకును వ్యాపారస్థలములకును విద్యుత్తు నిలిచిపోయి, గోడలలోని నీటి గొట్టములు పగిలి, ప్రభుత్వపు లెక్క ప్రకారమే 246 మంది మరణించిరి. అందులో తరతరములుగా అమెరికనులైనవారి నెత్తురు ఏమైనది? ఎండ వేడిని బయటికి నెట్టుటకు కట్టిన ఇండ్లలో, వేసవికి తగినట్లు సిద్ధపరచిన విద్యుత్కేంద్రములపై ఆధారపడి యున్నవారు, తెల్లవారైననేమి, తెలుగువారైననేమి, ఒక్క తీరున గడగడలాడిరి.

అదే విధముగా, ఏర్పాటు చక్కగా నున్నచో మనవారును మంచులో మనగలరు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద కుమారు, సాంఘిక సంక్షేమ గురుకులముల విద్యార్థులు, సికింద్రాబాదునుండి కాజీపేట దారిలో రైలుకిటికీనుండి కనబడు భువనగిరి కొండరాతిపై ఎక్కుట నేర్చి, డార్జిలింగులోను లడఖ్‌లోను శిక్షణ పొంది, 2014 మే 25న ఎవరెస్టు శిఖరమునకు చేరిరి. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. ఆమె తలిదండ్రులు వ్యవసాయ కూలీలు. వంశమున ఎవ్వరును మంచు మొగము చూచినవారు కారు. తార్నాకకు కూతవేటు దూరముననున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు పిమ్మట డైరెక్టరైన హర్ష్ గుప్తా నాయకత్వముననే 1983-84లో మూడవ భారత యాత్రాబృందము అంటార్కిటికాలో దక్షిణ గంగోత్రి స్థావరమును నిర్మించినది. ఉప్పల్ రోడ్డున ఎండకు సొమ్మసిల్లు బస్సు ప్రయాణికులలో ఎందరికి ఈ సంగతి తెలియునో!

ఇంతయు చెప్పుట ఎందులకనగా, మనము మంచును గూర్చి మాటాడు తీరు మన ఇంటనే అనర్థమునకు కారణమగుచున్నది. చింతపల్లి మన్యమున సుమారు 3,000 అడుగుల ఎత్తుననున్న లంబసింగిలో డిసెంబరు రాత్రులందు గడ్డిపరకలపై మంచు పేరుకొనగానే పత్రికలు దానిని ఆంధ్ర కాశ్మీరమని కీర్తించును. విశాఖనుండి కార్లు బారులుతీరును. తెల్లవారగనే చిత్రములు తీసికొని, వేడి వేడి టీ త్రాగి, దుప్పట్లు కప్పుకొని జనులు వెనుదిరుగుదురు. అదే ఉదయమున, అదే మంచులో, కాఫీ పండ్లు కోయుటకు తోటలకు పోవు గిరిజన స్త్రీల కాళ్ళకు చెప్పులున్నవో లేవో ఆ చిత్రములలో కనబడదు. సిర్పూరు, ఉట్నూరు ప్రాంతముల గోండు గూడెములలో కనిష్ఠ ఉష్ణోగ్రత అయిదు డిగ్రీలకు దిగువకు పోయినపుడెల్ల మన పత్రికలు ఆ సంగతిని మొదటి పుటలో అచ్చువేయును. చుట్టుపక్కల ఆశ్రమ పాఠశాలల పిల్లలు ఆ వేకువను చన్నీళ్ళతో స్నానము చేయుచున్నారన్న సంగతి లోపలి పుటలలో ఒక మూలకు చేరును. మొదటిది వేడుక, రెండవది ఫిర్యాదు అని మనము విభజించుకొంటిమి గాని, రెండును ఒకే వార్త.

హైదరాబాదు నగరమున 1946 జనవరి 8న ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలకు దిగినది. ఆ మాట విని నేటివారు అబ్బురపడుదురు గాని, ఆనాడు ఎవరెవరు ఎచ్చట నిద్రించిరో ఆలోచింపరు. వాతావరణ శాఖవారు సైతము మైదాన ప్రాంతములలో చలిగాలులను నిర్ణయించునపుడు, కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగుటతోపాటు అది ఆ ప్రాంతపు సాధారణ స్థాయికంటె ఎంత తగ్గినదియు లెక్కింతురు. ఎవరికి ఏది అలవాటో దానినిబట్టియే చలి చలి యగునని శాస్త్రజ్ఞులును అంగీకరించినారు. కావున వాహ్యాళికి వచ్చు పెద్దల ఫిర్యాదును నేను పరిహసింపను. వారి చలి నిజమే. కాని వారికి స్వెటరు గలదు, ఇంటికి పోయిన వేడినీరు గలదు. సికింద్రాబాదు స్టేషను చుట్టును కాలిబాటలపై గోనెపట్టాలు కప్పుకొని పడుకొనువారికి 14 డిగ్రీలే హిందూకుష్, కరగి నీరైనను ఇయ్యని హిందూకుష్.

విశ్వవిద్యాలయమునకును రెండు పనులు కలవు. ఏటా జూలైలో, ఆగస్టులో ఉస్మానియా ఇంజనీరింగు కళాశాలలో చదువు ముగించి అమెరికాకు, కెనడాకు పోవు విద్యార్థులకు వీసా గూర్చియు, ఊరగాయల తూకము గూర్చియు చెప్పువారు పదుగురున్నారు. గడ్డకట్టిన సరస్సు, జారు త్రోవ, మూసిన గదిలో కాల్చు బొగ్గుపొగ, ఇంటి హీటరు ఆగిపోయిన రాత్రి చేయవలసిన పని గూర్చి, అచ్చటి శీతకాలములు గడిపి తిరిగివచ్చిన పూర్వవిద్యార్థులచే ఒక సాయంత్రము మాటాడించిన చాలును, ఖర్చు ఒక హాలు దీపములు మాత్రమే. రెండవది, ప్రాంగణమున ఆఫ్ఘను, ఇరాను విద్యార్థులతో కూడి చదువు మన పిల్లలు వారిని ఎండను గూర్చి ఎగతాళి చేయుట మాని, వారి ఊరి మంచును గూర్చి అడిగినచో, ఏ పాఠ్యపుస్తకమునను లేని భూగోళము వారికి తెలియును. ఇక సంక్షేమ శాఖల అధికారులు, రగ్గులు, వేడినీటి యంత్రములు ఆశ్రమ పాఠశాలలకు చేరు తేదీని దీపావళికి ముందే ప్రకటించి, చేరని బడుల పట్టికను లంబసింగి ఛాయాచిత్రము అచ్చగు పుటలోనే అచ్చువేయుటకు పత్రికలకు అందింపవలెను.