వాన లెక్క మన గోడ మీద ఉండాలి

పోయినసారి పూర్వ విద్యార్థుల సమావేశంలో భోజనాల దగ్గర ఒక మాట నడిచింది. ఈ ఏడు హాస్టల్‌కు ఏమిద్దామని అడిగితే ఒకరు ఫ్యాన్లన్నారు, ఇంకొకరు నీళ్ల ఫిల్టరన్నారు. బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మన తమ్ముడొకడు మాత్రం, "మిద్దె మీద వాతావరణ కేంద్రం పెడదామన్నా. వాన, గాలి, ఎండ అన్నీ అదే కొలుస్తుంది, అదే ఇంటర్నెట్‌లో పెడుతుంది. ముప్పై వేలల్లో అయిపోతుంది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆ మాటలో సగమే నాకు ఒప్పనిపించింది. ఒప్పుకోని సగం ఇక్కడ రాస్తున్నాను. తమ్ముడు కోపం చేసుకోకూడదు.

ముందు ఈ లెక్క మనకెందుకో చెప్పాలి. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల చిల్లర. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకొని వస్తాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరం నుంచి మన దాకా వచ్చేసరికి అలిసిపోతాయి. ఇదంతా సోషల్ పుస్తకంలో ఉంది. పుస్తకంలో లేనిది ఏమిటంటే, పడే ఆ కాస్త వాన కూడా ఒకచోట పడితే ఇంకోచోట పడదు. హాస్టల్లో ఉన్నవాళ్లకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఊళ్లకు పోయి సోమవారం తిరిగొచ్చినప్పుడు తరిమెల పిల్లోడు "మాకు వంక పారింది" అంటాడు. సలకంచెరువు పిల్లోడు "మాకు దుమ్ము కూడా అణగలేదు" అంటాడు. ఇద్దరిదీ శింగనమల మండలమే. మండలం లెక్కలో ఇద్దరికీ ఒకటే అంకె.

ఆ అంకె మీద డబ్బులు నడుస్తాయి. వాతావరణ ఆధారిత పంటల బీమా మన జిల్లా చెనక్కాయ రైతులకు తెలియనిది కాదు. అందులో ఏ రైతు చేను ఎండిందో వచ్చి చూడరు. ఆ ప్రాంతానికి నిర్ణయించిన కేంద్రంలో ఏయే తేదీల మధ్య ఎంత వాన నమోదైందో చూసి, దాన్నిబట్టి పరిహారం కడతారు. కేంద్రం మీద ఒక మబ్బు కురిసి, మన చేను మీద కురవకపోతే మన ఎండిన పంట లెక్కలో పచ్చగానే ఉంటుంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా చేనులో ఊడలు దిగే సమయానికి వాన మొహం చాటేసింది. ఇరవై రోజులకు పైగా చినుకు లేదు. కాయ పట్టలేదు, కట్టె కూడా పశువులకు చాలలేదు. "ఫలానా కార్తెలో ఇన్ని దినాలు వాన లేదు" అని మా నాయన ఎవరడిగినా చెప్పేవాడు. అడిగినవాళ్లు తేదీలు అడిగేవాళ్లు. తేదీలు ఆయన నోట్లో ఉన్నాయి, కాగితం మీద లేవు. ఆ ఏడు సంక్రాంతి సెలవులకు ఇంటికి పోతే అమ్మా నాయనా ఊళ్లో లేరు, పనికి వెళ్లిపోయారు. నేను అవ్వ దగ్గర ఉండి తిరిగొచ్చాను. కాగితం ఉంటే డబ్బులు వచ్చేవని చెప్పడం లేదు. మన రిజిస్టరు చూసి ఏ కంపెనీ పరిహారం ఇవ్వదు. కానీ అర్జీ పెట్టుకోవడానికి పోయినవాడి చేతిలో తేదీలూ మిల్లీమీటర్లూ ఉంటే, ఎదుటివాడు మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. చదువుకున్న మనకు ఇది తెలియకపోతే ఎట్లా?

రైతులే కొలవడం మన జిల్లాకు కొత్త కూడా కాదు. 2003లో మొదలై చాలా ఏళ్లు నడిచిన రైతు యాజమాన్య భూగర్భజల పథకం గురించి మీ పెద్దవాళ్లను అడగండి. నెదర్లాండ్స్ డబ్బుతో, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ద్వారా అనంతపురంతో సహా 7 కరువు జిల్లాల్లో అది నడిచింది. ఊళ్లో ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి వాన కొలిచారు. ఎంపిక చేసిన బోర్లలో తాడు దించి నీటిమట్టం కొలిచారు, పుస్తకంలో రాశారు, అందరూ చూసేట్టు ఊళ్లో గోడ మీద కూడా రాశారు. రబీకి ముందు కూర్చొని భూమిలో ఎన్ని నీళ్లున్నాయి, వరి ఎంత పెట్టొచ్చు అని లెక్క వేసుకున్నారు. బడి మెట్లు ఎక్కనివాళ్లు కూడా ఆ లెక్కలో కూర్చున్నారు. అంకె గోడ మీద ఉండటం వల్లే అది సాధ్యమైందని నా నమ్మకం. పథకం డబ్బు ఆగినాక పుస్తకం ఎవరు రాయాలన్న ప్రశ్న మాత్రం మిగిలింది. మనం హాస్టల్లో మొదలుపెట్టబోయేదానికీ అదే ప్రశ్న.

ఇప్పుడు తమ్ముడు చెప్పిన యంత్రం సంగతి. ఇళ్ల మీద పెట్టుకునే ఇలాంటి చాలా కేంద్రాల్లో వాన కొలిచే భాగం లోపల రెండు చిన్న దొప్పలుంటాయి. తులాభారంలాగా ఒకటి నిండితే ఒరిగి రెండోది పైకి వస్తుంది. ఒక్కో ఒరుగుకు 0.2 మిల్లీమీటరు అని చాలావాటిలో లెక్క. తెలివైన ఏర్పాటే. అయితే మన దుమ్ముకు, వేపాకుకు, పిచ్చుక రెట్టకు గరాటు మూసుకుపోతే దొప్ప ఒరగదు. వాన పడుతూనే ఉంటుంది, యంత్రం సున్నా అని పంపుతూనే ఉంటుంది. తప్పయిందని అది తనంతట తాను చెప్పదు. పక్కన మనిషి కొలిచే గొట్టం ఒకటి ఉంటేనే దాని తప్పు బయటపడుతుంది.

రెండో చిక్కు, లెక్క ఎక్కడ నిలవ ఉంటుందన్నది. వెదర్ అండర్‌గ్రౌండ్ అనే అమెరికా సంస్థ 1995లో మొదలైంది. లోకమంతటి నుంచి ఇళ్లవాళ్లు తమ కేంద్రాల అంకెలు దానికి పంపారు. 2018 ఆఖరుకు అది అంకెలను ఉచితంగా తీసుకునే దారి మూసేసింది, దాని మీద ఆధారపడి కార్యక్రమాలు రాసుకున్నవాళ్లు చాలామంది చిక్కుల్లో పడ్డారు. తర్వాత సొంత కేంద్రం ఉన్నవాళ్లకు కొంత వెసులుబాటు ఇచ్చింది, నిజమే. అయినా తలుపు తాళం వాళ్ల దగ్గర ఉంది. కాబట్టి యంత్రం కొంటే, వైఫై లేకపోయినా, కరెంటు పోయినా అంకెలను తనలోనే దాచుకొని, అడిగినప్పుడు మామూలు ఫైలుగా మన కంప్యూటర్‌కు ఇచ్చేదే కొనాలి. రంగురంగుల తెర ఎంత పెద్దదని కాదు చూడాల్సింది.

యంత్రం వద్దనడం లేదు. అర్ధగంటలో కొట్టిన 30 మిల్లీమీటర్లకూ, రాత్రంతా సన్నగా పడిన 30 మిల్లీమీటర్లకూ మన ఎర్రనేలలో చాలా తేడా ఉంది. మొదటిది వంకలో కలుస్తుంది, రెండోది పదునవుతుంది. ఆ తేడా పొద్దున ఒకసారి చూసే గొట్టం చెప్పలేదు, యంత్రమే చెప్పాలి. నేనడిగేది వరస మార్చమని మాత్రమే. ఒక ఏడాది చేత్తో కొలిచి, రిజిస్టరు తెగకుండా రాసినాక యంత్రం కొందాం. ఏడాది రాయలేని హాస్టల్ యంత్రాన్ని కూడా తుడవలేదు.

కొలవడం ఎంత సులభమంటే, 11.3 సెంటీమీటర్ల వెడల్పు గరాటు నోటి వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లు. కింద సీసాలో చేరిన నీళ్లు 10 మిల్లీలీటర్లైతే వాన 1 మిల్లీమీటరు. సైన్సు సారు ల్యాబులోని కొలజాడీ చాలు. ఆ 1 మిల్లీమీటరే ఎకరా మీద పడితే 4,000 లీటర్ల పైచిలుకు నీళ్లని లెక్కల సారు దగ్గర చేసి చూడండి. చెట్టో గోడో ఎంత ఎత్తుంటే దానికి కనీసం రెండింతల దూరంలో పెట్టాలి, మిద్దె మీద వద్దు, గాలికి చినుకు తప్పుతుంది. వాతావరణ శాఖ వాన దినం పొద్దున 8:30కు ముగుస్తుంది. మనమూ అప్పుడే చూడాలి, బడికి పోయే ముందు.

అసలు కష్టం వాన లేని రోజులది. 1997 జులైలో అమెరికాలోని ఫోర్ట్ కాలిన్స్ పట్నంలో ఒక పక్క 10 అంగుళాలకు పైగా కురిసి వరద వచ్చి 5 మంది చనిపోయారు. ఇంకో పక్క కురిసింది అందులో కొద్ది పాలే. ఆ మరుసటి ఏడు అక్కడ మామూలు జనం ఇళ్ల దగ్గర ప్లాస్టిక్ గొట్టాలు పెట్టి వాన కొలవడం మొదలుపెట్టారు. కోకోరాస్ అనే ఆ ఏర్పాటు దేశమంతా పాకింది. వాళ్లు గట్టిగా చెప్పే నియమం, వాన పడకపోతే సున్నా రాయమని. ఖాళీ గడికీ సున్నాకూ తేడా ఉంది. ఖాళీ అంటే మనం చూడలేదు, సున్నా అంటే చూశాం, లేదు. మా నాయన దగ్గర లేకపోయింది ఆ ఇరవై సున్నాలే.

సెలవుల సంగతేమిటని అడుగుతారు. మే నెలలో హాస్టల్ మూసి ఉంటుంది, ముంగారు ముందు వానలు అప్పుడే. దసరాకు మళ్లీ అంతే. వాచ్‌మన్ అన్ననో, కామాటి అన్ననో అడగాలి, ఊరికే కాదు, పూర్వ విద్యార్థుల నిధి నుంచి ఏదో ఇచ్చి అడగాలి. వాళ్లకూ కుదరకపోతే తిరిగొచ్చిన రోజు సీసాలో ఉన్నదంతా కొలిచి "ఇన్ని రోజులది" అని రాయండి. రోజులకు పంచి రాయొద్దు, అది అబద్ధమవుతుంది.

అంకెను మూడు చోట్ల ఉంచాలి. ఒకటి రిజిస్టరు, ఒకటి గేటు పక్క గోడ మీది నల్లబోర్డు, నెలకోసారి టైపు చేసిన ఫైలు. ఆ ఫైలు పూర్వ విద్యార్థులందరి ఫోన్లకూ పోవాలి. బుక్కరాయసముద్రం దగ్గర రేకులకుంట వ్యవసాయ పరిశోధన స్థానం, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. ఒకసారి తీసుకుపోయి చూపిస్తే మన తప్పులు దిద్దుతారు. గొట్టాలు ఇంకో పది చేయించి పది ఊళ్ల పిల్లల ఇళ్లకు ఇస్తే, సోమవారం చెప్పుకునే వంక కబుర్లు కూడా అంకెలవుతాయి.

రిజిస్టరు నేను కొని వార్డెన్ సారుకు పంపాను, 200 పేజీలది. గళ్లు గీశాను. తేదీ, మిల్లీమీటర్లు, ఎన్ని రోజులది, ఎవరు చూశారు. చివరి గడి వెడల్పుగా వదిలాను. చెరువుకు నీళ్లొచ్చాయా, ఎవరి ఊళ్లో విత్తనం పడింది, ఎవరి ఇంట్లో వాళ్లు పనికి ఊరు విడిచారు, అందులో రాయండి.