హన్నా నోట్లో మన మాటలు పెట్టవద్దు



అంతరంగ స్వస్థత పేరుతో ఒక పద్ధతి మన సంఘాల్లోకి వచ్చింది. కళ్లు మూసుకోమంటారు. కీబోర్డు మెల్లగా మోగుతుంది. "నా వెనుక చెప్పండి: నేను క్షమించాను, నేను స్వస్థపడ్డాను" అంటారు. పది నిమిషాలకు మైకిచ్చి సాక్ష్యం చెప్పమంటారు. దీన్ని మేము ఒప్పుకోలేము.

షిలోహులో హన్నాకు మాటలు ఎవరు అందించారు? ఆమె పెదవులు మాత్రమే కదిలాయి. యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. దేవుడు మాత్రం విన్నాడు. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. దానికి ఎవరూ స్తోత్రం అతికించలేదు. మనకెందుకు ఆ తొందర?

ప్రభువు కూడా ప్రార్థన నేర్పించాడు కదా అంటారు. నిజమే, శిష్యులు అడిగితే నేర్పాడు. కానీ గెత్సేమనేలో తన వేదనను తానే దాచుకోలేదు.

ఏలీయా చావు కోరుకున్నప్పుడు దూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు. హోరేబులో మెల్లని స్వరం వినబడింది ఆ తరువాతే.

"విశ్వాసముంటే మాత్రలెందుకు?" అని కుంగిపోయినవారిని అడగకండి. డాక్టరు దగ్గరకు తోడు వెళ్లండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

సేవకులారా, నడిపించే ముందు పక్కన కూర్చోండి. "ఏమైంది తల్లీ?" అని అడిగి ఊరుకోండి. ఆమె తన మాటల్లో ఏడ్చాక, అప్పుడు ఆమేన్ అనండి.

దేవుడు మిమ్మును ఆదరించును గాక.