చూచుటయు నొక చదువే

“సినిమా చూచుటకు కూడ కళాశాలకు పోవలెనా?” అని తండ్రులడుగుట సహజము. కుమారుడు డిగ్రీలో చలనచిత్ర అధ్యయనమును పాఠ్యాంశముగా నెంచుకొన్నాడని వినగానే, ఫీజు కట్టి మరీ చెడిపోవుచున్నాడని వారు దిగులుపడుదురు. ఈ ప్రశ్నను పరిహసించి త్రోసివేయరాదు. టిక్కెట్టు కొన్న ప్రతివాడును చూడగల వస్తువును విశ్వవిద్యాలయమేల నేర్పవలెనో చెప్పవలసిన బాధ్యత బోధించువారిదే.

మొదట నొక భ్రమను తొలగించుకొందము. 1960లో పూనాలో నెలకొల్పబడిన ఫిలిం ఇన్‌స్టిట్యూట్ వంటివి దర్శకులను, ఛాయాగ్రాహకులను తీర్చిదిద్దు సంస్థలు. డిగ్రీ తరగతిలో సినిమాను చదువు విద్యార్థి కెమెరా పట్టనక్కరలేదు. కావ్యము చదివినవారందరును కవులగుట లేదు గదా!

మరి అతడు నేర్చునదేమి? తాను చూచినదానిని, చూచితినని తలచినదానిని వేరుచేసికొనుట.

1919లో మాస్కోలో నెలకొన్న చలనచిత్ర విద్యాలయమున బోధించిన లెవ్ కులెషోవ్ చేసిన ప్రయోగమొకటి ప్రసిద్ధము. ఏ భావమును లేని ఒక నటుని ముఖమును ఒకమారు ఆహారపు గిన్నెతోను, ఒకమారు శవపేటికతోను జతపరచి చూపగా, ప్రేక్షకులు మొదటిదానిలో ఆకలిని, రెండవదానిలో దుఃఖమును చూచిరట. ముఖమొక్కటే. మార్పు జరిగినది చూచువారి మనస్సులో. కూర్పరి కత్తెరకు గల శక్తి యిది.

అంత దూరమేల? 1957లో విడుదలైన మన ‘మాయాబజార్’లోని నౌకావిహారమును తలచుకొనుడు. ఆ వెన్నెలకు మురియని తెలుగువాడు అరుదు. అది చంద్రుడిచ్చినది కాదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే వెలుగునీడల కూర్పుతో కల్పించినది. ఈ సంగతి తెలిసినచో ఆనందము తరుగునని కొందరి భయము. ఛందస్సు తెలిసినవానికి పద్యము చేదగునా? వెన్నెల వెనుక నొక మనిషి శ్రమయు, వివేకమును కనిపించినపుడు ఆనందము రెట్టింపే యగును.

చిత్రము తన కాలమునకు సాక్షి కూడ. గూడవల్లి రామబ్రహ్మము 1938లో ‘మాలపిల్ల’ ద్వారా అస్పృశ్యతను, 1939లో ‘రైతుబిడ్డ’ ద్వారా జమీందారీ పీడనను తెరపైకి తెచ్చెను. రెండవది నిషేధమునకు గురియైనది. తెరమీది బొమ్మకు అధికారమేల వెరచినదని ప్రశ్నించు విద్యార్థికి చరిత్ర ఉట్టి తేదీల పట్టికగా మిగులదు. ఎవరి కథలు తెరకెక్కినవి, ఎవరివి ఎక్కలేదు అను విచారణయు అచ్చటనే మొదలగును.

ఈ చదువు నేడు విలాసము కాదు. నేటి బాలునికి సినిమాహాలు జేబులోనే యున్నది. ఫోనులో క్షణక్షణమును వచ్చిపడు దృశ్యములలో ముందువెనుకలు కత్తిరించినవి కలవు. జరుగనిదానిని జరిగినట్లు యంత్రము కల్పించినవియు కలవు. వానిని నమ్మి ఇరుగుపొరుగులు పగబట్టవచ్చును. ఒక నిరపరాధి నిందపాలు కావచ్చును. అక్షరమును చదువ నేర్పి దృశ్యమును చదువ నేర్పకున్నచో మనమిచ్చినది సగము చదువే.

అయితే సిద్ధాంతముల పేర్లు వల్లెవేయించి మార్కులు వేయు తరగతి ఈ పని చేయజాలదు. చిత్రమును చూడకయే గైడు చదివి ఉత్తీర్ణుడగుటకు వీలున్నచోట తండ్రి దిగులే నిజమగును.

ఇందుకు విశ్వవిద్యాలయము వరకు ఆగనక్కరలేదు. ఉపాధ్యాయులు ఐదు నిమిషముల దృశ్యమొకటి తరగతిలో చూపి, తెర ఆర్పి, పిల్లలచేత రెండు జాబితాలు వ్రాయింతురు గాక: కంట చూచినదేమి, మనస్సు ఊహించినదేమి. ఆ రెండింటి నడుమ నెంత ఎడమున్నదో పిల్లవాడు తనంత తాను కనుగొన్ననాడు, అతనికి చూచుట వచ్చినట్లే.