అగ్రెస్టిక్ అంటే తిట్టేనా?

నిరుడు మా కాలేజీ చర్చా పోటీలో నేను "గట్ల కాదు" అన్నందుకు ఒక మిత్రుడు నన్ను "అగ్రెస్టిక్" అన్నాడు. అందరూ నవ్వారు. అర్థం తెలియక నేనూ నవ్వాను. సాయంత్రం లైబ్రరీలో నిఘంటువు తీస్తే రెండర్థాలు కనబడ్డాయి: పల్లెకు చెందిన, మోటైన.

ఈ విశేషణానికి మూలం లాటిన్ "అగెర్", అంటే పొలం. అగ్రికల్చర్ కూడా ఆ మాట బిడ్డే. పొలానికి చెందినవాడు "అగ్రెస్టిస్". రోము నగరవాసుల నోట అదే "నాగరికత లేనివాడు" అయింది. నగరాన్ని చెప్పే "ఊర్బ్స్" నుంచి మాత్రం మర్యాదస్థుణ్ణి పొగిడే "అర్బేన్" పుట్టింది! తిండి పెట్టేవాడికి తిట్టు, తినేవాడికి మెప్పు.

ఇంగ్లీషును ఆడిపోసుకుని లాభం లేదు. మన "నాగరికం" నగరం నుంచి, "గ్రామ్యం" గ్రామం నుంచి వచ్చినవే కదా! గిడుగు రామమూర్తి పంతులు (1863-1940) వాడుక భాష కోసం పోరాడినప్పుడు పండితులు దాన్ని గ్రామ్యమనే కొట్టిపారేశారు. తర్వాత వాడుక భాష గద్దెనెక్కింది. మా తెలంగాణ మాట మాత్రం మోటుగానే మిగిలింది. దాని గౌరవం కోసం నిలబడ్డ కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9న ఇవాళ భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. సభలో చప్పట్లు కొడతాం, క్లాసులో నవ్వుతాం.

మాటే కదా అని ఊరుకోలేను. మేడ్చల్, శామీర్‌పేట వైపు ఒకప్పుడు అంగూర్ తోటలున్న చోట్ల ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్ళు. బోర్లు ఎండడం, భూమి ధర పెరగడం కారణాలే. కానీ సిగ్గు కూడా ఒక కారణమని నా అభిప్రాయం. అమ్మినోడు తెలివైనోడు, దున్నేటోడు ఎడ్డోడు అనే మాట మా ఊళ్ళో రోజూ వింటాను. "సదువుకున్నోనివి, నీకెందుకురా ఎవుసం?" అని మా నాయినే అంటడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఫీజు పైసలు తెచ్చిన నాయినను కాలేజీ గేటు బయటే నిలబెట్టి, రెండు మాటలు మాట్లాడి పంపించాను. ఆ రోజు నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నాకు నేనే అనుకున్నాను.

వృక్షశాస్త్రం ఈ విషయంలో నయం. 1753లో లినేయస్ పొలాల్లో మొలిచే ఒక చిన్న మొక్కకు "వెరోనికా అగ్రెస్టిస్" అని పేరు పెట్టాడు. అందులో వెక్కిరింత లేదు. మొక్క ఎక్కడ పెరుగుతుందో చెప్పాడంతే. ఆ అర్థంలో నేనూ అగ్రెస్టిక్కునే.

మిత్రమా, ఈసారి మా నాయిన వస్తే క్లాసు దాకా తీసుకొస్తాను. నవ్వాలనిపిస్తే నవ్వు. నేను మాత్రం నవ్వను, నాకు అర్థం తెలిసింది.