స్టార్టయితే చాలదండీ, ఆగాలి కూడా!

జగ్గయ్యపేటలో మామయ్యగారి ఇంటి వెనక రేకుల షెడ్డులో ఏడేళ్లుగా పడున్న మెటాడోర్ వ్యాను మొన్న ఆదివారం స్టార్టయింది. కొత్త బ్యాటరీ పెట్టి, డీజిలు పైపులో ఎయిర్ లాక్ తీశారు. అది దడదడమని పొగ వదలగానే మా వారూ, మా మరిదీ చిన్నపిల్లల్లా గంతులేశారు. సాయంత్రానికి నందిగామలో మా ఇంటి ముందు ఉంటుందన్నారు. నేను గేటుకు అడ్డం నిలబడ్డాను. ఆ రోజు నుంచీ ఇంట్లో నన్ను శకునపక్షి అంటున్నారు. అననివ్వండి.

ఆ బండంటే నాకేం పగ లేదు. మామయ్యగారు సీట్లు పీకించి రెండు చెక్క మంచాలు, స్టవ్ పెట్టుకోడానికి గూడు, నీళ్ల డ్రమ్ము బిగించారు. తిరుపతి, శ్రీశైలం అందులోనే వెళ్లాం. రోడ్డు పక్క చెట్టు కింద ఆపి నేను ఉప్మా చేస్తే పిల్లలు ఆ మంచాల మీదే తిని పడుకునేవాళ్లు. తుక్కుకి అమ్మమని నేనెప్పుడూ అనలేదు, అనను.

నా గొడవల్లా "ఏం కాదులే" అనే మాటతో. "ముప్ఫై కిలోమీటర్లేగా, మెల్లగా పోదాం" అంటారు. చిల్లకల్లు దగ్గర ఎక్కేది పొలాల డొంక కాదు, 65వ నంబరు జాతీయ రహదారి. సిమెంటు లారీలు, హైదరాబాదు బస్సులు దూసుకొచ్చే చోట మెల్లగా పోవడమూ ప్రమాదమే.

ఇంజను పలికిందని సంబరపడ్డారు సరే, బ్రేకుల సంగతి? బ్రేక్ ఆయిలు గాల్లో తేమని పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి ఆ తేమ చేరితే లోపల తుప్పు పడుతుంది. అది వేడెక్కి ఆవిరైతే పెడల్ తొక్కినా బండి ఆగదు. టైర్లకు అరుగుదల లేదని మురిశారు. పక్కన అచ్చు వేసిన నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. మా వాటి మీద 1411 అని ఉంది, అంటే 2011లో తయారైనవి. పక్కలు బీటలు వారాయి. ట్యాంకు అడుగున మడ్డి కదిలి ఫిల్టరు మూసుకుపోతే నడిరోడ్డున ఆగిపోవడమే. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. మాది చేయించలేదు, ఇన్సూరెన్సూ లేదు. ఎవరికైనా తగిలితే ఆ కుటుంబానికి ఏం చెప్తాం?

మా మరిది చైతన్యరథాన్ని అడ్డం పెట్టాడు. "1982లో ఎన్టీఆర్ పాత షెవ్రొలే వ్యానులోనే కదా వదినా రాష్ట్రమంతా తిరిగింది, హరికృష్ణ నడపలేదా?" అని. నడిపారు బాబూ. అది రోజూ రోడ్డు మీద ఉన్న బండి, మనది కోళ్లు గుడ్లు పెట్టిన బండి.

పోనీ తాడు కట్టి లాగుదామన్నారు. బ్రేకుల్లేని బండిని లాగితే ముందు బండి ఆగినప్పుడు వెనకది ఎలా ఆగుతుంది? లారీ మీద ఎక్కించమంటే, "నాన్న బండిని పాడె మీద మోసుకొచ్చినట్టుంటుంది" అన్నారు మా వారు. ఆ మాటకి నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ స్టీరింగు దగ్గర కూర్చోడానికి సిద్ధమైంది పంతొమ్మిదేళ్ల మా అబ్బాయి. ఆయన మనవడు.

చివరికి లారీ మీదే తెచ్చాం. కిరాయి నా చీటీ డబ్బుల్లోంచి ఇచ్చాను. నందిగామలో మెకానిక్ చక్రాలు విప్పితే వెనక రెండు వీల్ సిలిండర్లూ తుప్పుతో బిగుసుకుపోయి ఉన్నాయి. దాని గురించి మా ఇంట్లో ఎవరూ ఒక్క మాటా మాట్లాడలేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి బండి ఉంటే స్టార్ట్ చేయనివ్వండి, ఆ సరదా తీరనివ్వండి. గేటు దాటే ముందు మాత్రం బ్రేకులు, టైర్లు, కాగితాలు చూపించమనండి. చూపించలేకపోతే లారీ పిలిపించండి. శకునపక్షి అని పేరొచ్చినా పర్లేదు, నేనున్నాగా తోడు.